క్లుప్త కథకు ఊరు కావాలి

తెలుగు కథల సభల్లో తరచూ వినిపించే సలహా ఒకటుంది: "కథ బాగుంది, కొంచెం కుదిస్తే ఇంకా బాగుండేది." బొగ్గులకుంటలో సారస్వత పరిషత్తు హాలుకో, నాంపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయం వారి ఎన్టీఆర్ కళామందిరానికో పుస్తకావిష్కరణలకు వెళ్లే వాళ్లందరికీ ఈ మాట పరిచయమే. సలహా మంచిదే. అయితే ఏది కుదించాలి, కుదించాక మిగిలిన వాటి మీద ఎంత బరువు పడుతుంది అన్న చర్చ మాత్రం సభ ముగిసే లోపల రాదు. మాటలు తగ్గించడం శైలికి సంబంధించిన పని అనుకుని అక్కడితో వదిలేస్తాం. నిజానికి శైలిలో తగ్గించిన ప్రతి మాట బాకీగా మారి స్థలం మీదా పాత్ర మీదా పడుతుంది. ఆ రెండూ ఆ బాకీ తీర్చలేకపోతే మిగిలేది కథ కాదు, కథ గురించిన సమాచారం.

ఈ ప్రశ్నను అబిడ్స్, నాంపల్లి ప్రాంతంలో నిలబడి చూడాలనుకోవడానికి కారణం ఉంది. హైదరాబాద్ తెలుగు సాహిత్య సంస్థల చరిత్రలో చాలా భాగం ఈ చుట్టుపక్కలే జరిగింది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో మొదలైంది సుల్తాన్ బజార్ ప్రాంతంలోనే. అబిడ్స్‌లోని రెడ్డి హాస్టల్ ఎన్ని ఉద్యమాలకు తొలి మెట్టయిందో సురవరం ప్రతాపరెడ్డి జీవితం తెలిసినవారికి తెలుసు. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పబ్లిక్ గార్డెన్స్ పక్కకు వచ్చింది. బ్యాంక్ స్ట్రీట్‌లో విశాలాంధ్ర పుస్తకాల దుకాణం ఉండేది. వీటన్నిటి మధ్య, ఆదివారం పొద్దున మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు. ఇన్ని తెలుగు కథలు అచ్చయిన, అమ్ముడైన, చర్చకు వచ్చిన ఈ చోటు తెలుగు కథలో ఎంత కనిపిస్తుంది? అది చివర చూద్దాం.

క్లుప్తతకు వాడే మినిమలిజం అన్న మాట మనకు అమెరికా నుంచి వచ్చింది. ఈ చర్చలో అందరూ తలిచే పేరు హెమింగ్వే. మంచుకొండలో ఎనిమిదో వంతే నీటిపైన కనబడుతుందని ఆయన 1932లో చెప్పిన పోలిక ఇప్పటికీ ప్రతి వర్క్‌షాపులో వినిపిస్తుంది. ఆ పోలిక కన్నా 1927 నాటి ఆయన కథ 'హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్' ఎక్కువ పాఠం చెబుతుంది. స్పెయిన్‌లో ఎబ్రో నది లోయలో ఒక రైల్వే స్టేషన్. ఒక మగవాడు, ఒక అమ్మాయి, మాడ్రిడ్ బండి కోసం ఎదురుచూపు. గర్భస్రావం గురించి వాళ్లు మాట్లాడుకుంటున్నారు, ఆ మాట మాత్రం కథలో ఎక్కడా రాదు. దీన్ని సంభాషణల కథ అని అందరూ అంటారు. నా దృష్టిలో అది స్టేషన్ కథ. ఒకవైపు చెట్టూ చేమా లేని కొండలు, మరోవైపు పైరూ నదీ. మధ్యలో బండి ఆగేది రెండే నిమిషాలు. తేల్చుకోవాల్సిన విషయమూ, తేల్చుకోవడానికి ఉన్న కాస్త గడువూ ఆ స్టేషన్లోనే ఉన్నాయి కాబట్టి మనుషులు నోరు విప్పి చెప్పనక్కర లేకపోయింది. ఆ ఇద్దరినీ పేరులేని ఏదో గదిలో కూర్చోబెడితే అవే సంభాషణలు పొడుపు కథలాగా మిగిలేవి.

రెండో ఉదాహరణ రేమండ్ కార్వర్. 1981లో వచ్చిన ఆయన కథల సంపుటిని సంపాదకుడు గోర్డన్ లిష్ ఎంతగా కత్తిరించాడంటే కొన్ని కథలు సగానికి పైగా తగ్గిపోయాయి. కత్తిరించని ప్రతులు 2009లో 'బిగినర్స్' పేరుతో అచ్చయ్యాక రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే వీలు దొరికింది. అందులో ఒక కథ: పుట్టినరోజు నాడు పిల్లవాడిని కారు గుద్దేసింది, తల్లిదండ్రులు ఆస్పత్రిలో ఉన్నారు. కేకు తీసుకెళ్లలేదని బేకరీ అతను ఇంటికి ఫోన్లు చేస్తూనే ఉంటాడు. లిష్ కుదించిన ప్రతిలో కథ ఫోను మోతతో తెగిపోతుంది. 1983లో కార్వర్ మళ్లీ పెంచి అచ్చువేసుకున్న ప్రతిలో ఆ తల్లిదండ్రులు రాత్రివేళ బేకరీకి వెళతారు. అతను వాళ్లను కూర్చోబెట్టి వేడివేడి రొట్టెలు తినిపిస్తాడు. మొదటి ప్రతి భయపెడుతుంది, నిజమే. కానీ రొట్టెలు కాల్చే ఆ గది లేకపోవడం వల్ల అతను మనిషి కాకుండా గొంతుగా మిగిలిపోయాడు. పోయినవి మాటలే అనుకున్నాం, వాటితో చోటు పోయింది, చోటుతో పాటు పాత్ర పోయింది. క్లుప్తత మీద నాకున్న నమ్మకానికి హద్దు గీసింది ఈ కథే.

ఇక మన సంగతి. క్లుప్తతను మనం దిగుమతి చేసుకోవలసిన పని లేదు. 1910లో గురజాడ 'దిద్దుబాటు' రాసినప్పుడే ఒక రాత్రి, ఒక ఇల్లు, ముగ్గురు మనుషులతో పని కానిచ్చేశాడు. అర్ధరాత్రి దాటి ఇంటికొచ్చిన మొగుడు తలుపు దగ్గర నిలబడటంతో కథ మొదలవుతుంది. అతని ముందు జీవితం గురించి ఒక్క పేరా కూడా లేదు. అవసరమైనదంతా నౌకరుతో అతను మాట్లాడే తీరులో, నౌకరు యాసలో తెలిసిపోతుంది.

ఆ దారిలో దూరం వెళ్లినవాడు చాసో. విజయనగరం చాగంటి సోమయాజులు (1915-1994) రాసినవి తక్కువ కథలు, వాటిలో రాసినవి తక్కువ మాటలు. 'ఎందుకు పారేస్తాను నాన్నా' చూడండి. చదువు మాన్పించిన పిల్లాడిని తండ్రి చుట్టలు తెమ్మని పంపిస్తాడు. దారిలో బడి ఉంది. కథకుడు కల్పించిన వాతావరణం అంతా ఆ దారే. బడి ఎంత పెద్దదో, గోడలు ఏ రంగో మనకు అక్కర్లేదు. చేతిలో చుట్టల డబ్బులున్న పిల్లాడు తన తోటివాళ్లకు ఎదురు పడకుండా ఆ ముందు నుంచి ఎలా వెళ్లాలన్నదే ప్రశ్న. ఆ దూరంలోనే బీదరికం, సిగ్గు, చదువు మీద ఆశ వచ్చేస్తాయి. బడి ఊరికి రెండో చివర ఉండి ఉంటే ఈ కథ లేదు! 'వాయులీనం'లో కూడా అంతే. జబ్బు పడిన భార్య, వైద్యం ఖర్చు, అమ్ముడైపోయిన ఆమె వయొలిన్. ఆ ఇంట్లో మరో వస్తువు గురించి మనకు చెప్పకపోవడం వల్లనే ఆ వాయిద్యం లేని ఖాళీ కళ్లకు కడుతుంది.

కొడవటిగంటి కుటుంబరావుది ఇంకో రకం పొదుపు. ఆయన కథల్లో వాక్యం తన వైపు చూడమనదు. ఉపమానాలు లేవు, వర్ణనలు లేవు, మధ్యతరగతి ఇళ్ల లెక్కలు మాత్రం ఉన్నాయి. పాత్ర ఎంత జీతం తెచ్చుకుంటుంది, ఎవరికి బాకీ, పెళ్లికి ఎంత అడిగారు వంటివి తెలిస్తే మనిషి తెలిసినట్టే అని ఆయన పద్ధతి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిని క్లుప్తరచయిత అని ఎవరూ అనరు, కథలు పొడుగు. అయినా రచయిత నోరు మూసుకుని పాత్రల చేత మాట్లాడించడం నేర్చుకోవాలంటే ఆయన దగ్గరికే వెళ్లాలి. అంటే క్లుప్తత పేజీల లెక్క కాదని ఒప్పుకోవాలి. రచయిత తాను కల్పించుకోవలసిన చోట ఎంత ఆగగలడన్నది అసలు కొలత.

సంభాషణ దగ్గర తెలుగుకున్న ఒక సదుపాయం గురించి మన విమర్శ చెప్పవలసినంత చెప్పలేదని నా అభిప్రాయం. ఇంగ్లీషు కథకుడికి పిలవడానికి ఒకే సర్వనామం ఉంది. మనకు నువ్వు, మీరు, తమరు ఉన్నాయి. ఏరా, ఏమే, అన్నా, అమ్మా, బిడ్డా, సాబ్, భాయ్ ఉన్నాయి. ఒక పాత్ర ఇంకో పాత్రను రెండు పేజీల పాటు "మీరు" అని, చివర్లో "నువ్వు" అంటే ఆ ఇద్దరి మధ్యా ఏదో జరిగిందని పాఠకుడికి ఎవరూ చెప్పనవసరం లేదు. వయసు, కులం, డబ్బు, చనువు, కోపం అన్నీ పిలుపులోకి వచ్చేస్తాయి. పాత్రచిత్రణకు ఇంత తక్కువ ఖర్చులో ఇంత ఎక్కువ పని చేసే సాధనం చేతిలో ఉండగా, పాత్ర పరిచయానికి పేరా పేరాలు ఖర్చు చేయడం అనవసరం.

ఎదుటి పక్షం వాదన కూడా బలమైనదే, దాన్ని తోసిపుచ్చలేం. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' కుదించి చూడండి. ఒకదాని మీద ఒకటి పేర్చే ఉపమానాలు, ఆగకుండా సాగే ముత్యాలమ్మ మాటలు తీసేస్తే కోర్టు, పోలీసు, సారా వ్యాపారం కలిసి పేదవాణ్ని ఎట్లా నమిలేస్తాయో ఆ ఊపిరాడనితనం పాఠకుడికి అందదు. అక్కడ ఎక్కువ మాటలే వాతావరణం. 1964లో 'యువ'లో వచ్చిన కాళీపట్నం రామారావు 'యజ్ఞం' మరో సాక్ష్యం. అప్పల్రాముడి బాకీ ఎలా పెరిగిందో తెలియాలంటే సుందరపాలెం ఎలా మారిందో తెలియాలి. రోడ్లు, పంటలు, వ్యాపారాలు, పెద్దమనుషులు అందరూ రావాలి. ఆ సుదీర్ఘమైన లెక్కల తర్వాతే చివరి ఘోరం మనకు అనివార్యం అనిపిస్తుంది. కారా మాస్టారి కథను కార్వర్ సంపాదకుడి చేతికి ఇచ్చి ఉంటే మిగిలేది దినపత్రిక లోపలి పేజీ వార్త. బాధ్యత ఒక మనిషిదైనప్పుడు క్లుప్తత చాలు, వ్యవస్థదైనప్పుడు చాలాసార్లు చాలదు. ఇంతవరకూ నేను చదివిన కథల్ని బట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

క్లుప్తత అన్ని వేళలా కళ కోసమే వచ్చింది అనుకోవడమూ పొరపాటే. చెహోవ్ మొదట్లో హాస్య పత్రికకు రాసినప్పుడు వంద పంక్తులు దాటకూడదని నిబంధన. ఆ ఇరుకులోనే ఆయన చెయ్యి తిరిగింది. మనకూ వారపత్రికల కార్డు కథలు, ఒక పేజీ కథలు ఉన్నాయి. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత వారపత్రికల కట్ట విప్పితే ఏ సంచికలోనైనా ఈ ఇరుకు కనిపిస్తుంది: కథ సగం పేజీలో ఆగి ప్రకటన పక్కకు జరిగి, మిగతా భాగం ఎక్కడో వెనక పేజీలో ముగుస్తుంది. అలాంటి ఇరుకులో చెహోవ్‌కు మనుషులు దొరికారు. మనవాళ్లలో చాలామందికి కొసమెరుపు దొరికింది. ఆ తేడా మనల్ని ఇప్పటికీ వదల్లేదు.

స్థలం కథను నడిపించడంలో మనకు పెద్ద ఉదాహరణ పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో 1952లో రెండో బహుమతి పొందిన ఈ కథలో కూడా రైలే, స్టేషనే. నియమాలతో బతికే రావుగారు, ఒక ముష్టి మనిషి, చుట్టూ తుఫాను. శైలి పొదుపైనది కాదు, మనసులోకి పోయే వాక్యాలు చాలా ఉన్నాయి. అయినా రావుగారు మారడానికి కారణం ఉపదేశం కాదు, ఆ రాత్రి ఆ స్టేషన్లో ఇద్దరికీ ఒకే చలి.

హైదరాబాద్ రాష్ట్రంలో ఇదే పని చేసినవి చిన్న చిన్న చోట్లు. పి.వి. నరసింహారావు 'విజయ' పేరుతో 1949లో కాకతీయ పత్రికలో రాసిన 'గొల్ల రామవ్వ'కు ఒక గుడిసె, ఒక రాత్రి సరిపోయాయి. పోలీసుల నుంచి తప్పించుకొచ్చిన యువకుడు, ముసలమ్మ, ఆమె మనవరాలు. బయట సాయుధ పోరాటం ఎంత పెద్దదో ఆ గుడిసె తలుపు దగ్గర తెలుస్తుంది. వట్టికోట ఆళ్వారుస్వామి 'జైలు లోపల' కథలకు జైలే హద్దు. ఖైదీలు ఎవరో, ఎందుకొచ్చారో చెప్పడానికి నాలుగు గోడలు దాటి పోనవసరం లేదు. హైదరాబాద్ నగరాన్ని తెలుగు కథలో మనుషులతో సహా నిలబెట్టినవాడు నెల్లూరి కేశవస్వామి. 'చార్మినార్ కథలు'లో పాతబస్తీ ఇళ్లు, పరదాలు, హిందూ ముస్లిం స్నేహాలు, పోలీసు చర్య నాటి భయాలు ఉన్నాయి. ఆయన శైలి నిదానమైన ఉర్దూ కథనానికి దగ్గర. మంటో 1948లో 'సియాహ్ హాషియే'లో ఒకటి రెండు వాక్యాలకే కథను కుదించిన దారిని కేశవస్వామి తీసుకోలేదు. తెలిసిన ఊరిని తెలియని పాఠకులకు పరిచయం చేయవలసిన బాధ్యత ఆయన మీద ఉంది, అందుకు నిదానం కావాలి. ఆ తరువాత తరం వాళ్లకు ఆ బాధ్యత తీరిపోయింది. నగరం అందరికీ తెలుసు. ఇక పొదుపుగా రాయవచ్చు.

ఇక్కడికే రావాలనుకున్నాను. నాంపల్లి స్టేషన్ 1907 నాటిది. కథకుడికి పనికొచ్చే విషయం దాని వయసు కాదు, పట్టాలు అక్కడ అయిపోవడం. హెమింగ్వే స్టేషన్‌లో బండి రెండు నిమిషాలు ఆగి వెళ్లిపోతుంది. నాంపల్లి నుంచి ఏ బండీ ముందుకు పోదు. అక్కడ దిగినవాడు హైదరాబాద్‌కే వచ్చాడు, ఎక్కేవాడు హైదరాబాద్‌నే వదులుతున్నాడు. దారిలో ఉన్నవాడు అంటూ లేడు. ఈ ఒక్క సంగతి తెలిసిన కథకుడు పాత్రను ఆ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టేసరికే సగం కథ చెప్పేసినట్టు.

చూపించడానికి ఒక చిన్న ప్రయత్నం చేస్తాను. మొదట మామూలుగా రాసే తీరు: లింగయ్య పేద రైతు, మనవరాలికి జబ్బు చేసిందని గుండెల నిండా దిగులు, మహానగరాన్ని చూసి బెంబేలెత్తాడు, జేబులో డబ్బులు అంతంతమాత్రం. ఇప్పుడు ఇదే మళ్లీ: "లింగయ్య తాండూరు బండి దిగాడు. నీలోఫర్ చీటీ అంగీ జేబులో ఉంది. ఆటో అతను ఎనభై అన్నాడు. 'నడిస్తే ఎంత దూరముంటది సాబ్?'" మొదటిదానిలో పేద, దిగులు, బెంబేలు అన్న మూడు మాటలూ ఉన్నాయి, లింగయ్య లేడు. రెండోదానిలో ఆ మూడు మాటలూ లేవు. తనకన్నా పెద్దగా ఉన్నవాడేమీ కాని ఆటో అతన్ని సాబ్ అనడంలో భయం ఉంది, నడక గురించి అడగడంలో డబ్బు లెక్క ఉంది, నీలోఫర్ పేరులో పసిపిల్ల ఉంది.

ఏలూరులోనో అనంతపురంలోనో ఉన్న పాఠకుడికి నీలోఫర్ పిల్లల ఆస్పత్రి అని తెలియకపోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అక్కడ ఇంకొక వస్తువు చాలు: చీటీతో పాటు పసిపిల్ల చేతికి కట్టే తాయెత్తు, లేదా పాలసీసా. స్థలం పేరును నమ్ముకుని రాసే క్లుప్త కథకుడు ఆ పేరు తెలియని వాడికీ ఒక దారి ఉంచాలి. చాసో విజయనగరాన్ని వర్ణించకుండానే మనకు అర్థమయ్యేలా చేసింది ఇలాంటి వస్తువులతోనే.

ఈ ప్రాంతంలో కథలకు చోట్లు కొదవేం లేదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇప్పటి మైదానానికి మారిన నుమాయిష్ ప్రదర్శన మామూలుగా ఏటా జనవరి ఒకటి నుంచి 46 రోజులు నడుస్తుంది. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చదువుతుంటారు. ఆ మైకు వినపడుతున్న చోట ఒక తల్లిని నిలబెడితే పిల్ల పేరు, ఊరు, వేసుకున్న గౌను రంగు పాఠకుడికి కథకుడు చెప్పక్కర్లేదు, మైకు చెబుతుంది. నాంపల్లి కోర్టుల ఆవరణలో బెయిలు కోసం చూసే కుటుంబాలు, యూసుఫైన్ దర్గా మెట్లు, అబిడ్స్ జీపీఓ ముందు దుకాణాలు, స్టేషన్ రోడ్డు లాడ్జీలు. ఒకప్పుడు అబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో మఖ్దూం వంటి ఉర్దూ కవులు గంటల తరబడి కూర్చునేవారు, ఇప్పుడు ఆ హోటలు లేదు. అది ఉన్నప్పుడు దాన్ని తెలుగు కథ పట్టించుకున్నట్టు నాకు గుర్తు లేదు.

ఇప్పుడు వస్తున్న హైదరాబాద్ కథల్లో అబిడ్స్, నాంపల్లి, కోఠి పేర్లు చాలా కనిపిస్తాయి. కానీ ఎక్కువసార్లు అవి బస్సు బోర్డు మీద పేర్లలాగా వస్తున్నాయి. ఆ పేరు తీసి కూకట్‌పల్లి అని పెట్టినా కథకు ఏమీ కాదు. అటువంటి చోటు క్లుప్తతను మోయలేదు కాబట్టి, మిగిలిన బరువంతా చివరి వాక్యంలోని మలుపు మీద పడుతోంది. ఫోనులో చదివే చిన్న కథల్లో ఈ జబ్బు మరీ ఎక్కువ. రెండు వందల మాటల్లో తల్లి చనిపోయిందని చివర్లో తెలియడం ఆశ్చర్యం పుట్టిస్తుంది, అంతే. ఆ తల్లి ఎవరో మనకు తెలియదు, ఏడవడం ఎలా?

ఇది చాతకాని కాలం అని అనడం లేదు. పి. సత్యవతి 'ఇల్లలకగానే'లో పని హడావుడిలో తన పేరే మరిచిపోయిన గృహిణిని తీసుకుంది. మనందరికీ తెలిసిన ఈగ కథను తెచ్చి, పేరు లేకపోవడాన్నే పాత్రచిత్రణ చేసింది. వాతావరణం ఇల్లు మాత్రమే, అదీ అలికిన ఇల్లు. తల్లావజ్ఝల పతంజలిశాస్త్రి కథల్లో పాత్రలు మాట్లాడుకోని చోట ఏదో ఒక పక్షో చెట్టో వర్షమో ఉండి ఆ మౌనాన్ని మోస్తుంది. 'రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు'కు 2023లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం రావడం ఆ పద్ధతికి దక్కిన గౌరవం అనుకుంటాను. అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు'లో కుండీలో మొక్క ఒక్కటి ఆడపిల్లల పెంపకం గురించి ఎన్నో వ్యాసాల పని చేస్తుంది. ఈ ముగ్గురి దగ్గరా వాక్యం చిన్నది కావడానికి ముందే చోటూ మనిషీ ఖాయమైపోయాయి.

అబిడ్స్, నాంపల్లి మీద చాసో స్థాయి కథ, నాలుగు పేజీల్లో ఒక మనిషిని, ఒక చోటును విడదీయలేకుండా కట్టిన కథ, నేను చదివినంతలో ఇంకా రాలేదు. కొత్తగా రాస్తున్నవాళ్లను ఒకటే అడుగుతాను. కథను కుదించే ముందు ఆ కథ జరిగే చోటుకు ఒకసారి వెళ్లి రండి. స్టేషన్ రోడ్డు మీద ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో వినండి. రాసిన తర్వాత ఊరి పేరు మార్చి చదవండి. కథ చెక్కుచెదరకపోతే ఆ కథ ఇంకా పూర్తి కాలేదు.